క్యాసెట్ పాట

2008 ఆగస్టు, మూడో ఆదివారం. పొద్దున్నుంచి గాలి, దుమ్ము. హాజరు: అయ్యగారు, అమ్మగారు, కోశాధికారి, పాటల బృందం, వీడియో భాయ్, టౌను సంఘం దాదాపు అందరూ, బెళుగుప్ప వైపు పల్లెల నుంచి బస్సులో వచ్చినవాళ్ళు, నేను. కొత్త కెమెరా.

ఆ రోజు నా డైరీలో మొదటి పేరా ఇది. కెమెరాను మనుషుల వరుసలో ఎందుకు రాశానో ఇప్పుడు చెప్పలేను. కొత్తగా వచ్చినవాళ్ళను చివర రాయడం నా అలవాటు. దాన్నీ అట్లే రాసి ఉంటాను.

కళ్యాణదుర్గంలో ఒక మోస్తరు చర్చి ఆఫీసులో నేను చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. బాప్తిస్మం రిజిస్టర్లు, పెళ్ళి సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు, గంట తాడు తెగితే కొత్త తాడు, అన్నీ నా పనే. వీడియో పని కూడా అట్లే నా నెత్తిన పడింది. ఇప్పుడు ప్రతి చర్చిలోనూ మీ వయసువాళ్ళు సెల్‌ఫోను కర్రకు బిగించి లైవ్ పెట్టేస్తున్నారు. బాగా చేస్తున్నారు. మొన్న మీలో ఒకమ్మాయి నన్ను అడిగింది: "తాతా, మీ కాలంలో క్యాసెట్ల మీద తీసేవాళ్ళంట కదా. అవి మానేసినప్పుడు కష్టమైందా?" అని.

కెమెరా మార్చడం ఏమీ కష్టం కాలేదమ్మా. క్యాసెట్ పోయాక మా పాస్టరు అయ్యగారిని ఆపడం కష్టమైంది. ఆ సంగతే రాస్తున్నాను.

మా ఆరాధన రికార్డు చేయడం సరదాకు మొదలైంది కాదు. వాన ముఖం చాటేసిన ఏడు సంఘంలో సగం మంది బెంగళూరులో ఇటుకలు మోస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళకు, ఊళ్ళో మంచం పట్టినవాళ్ళకు ప్రతి వారం సీడీ చేసి పంపేవాళ్ళం. కెమెరాలో వేసే క్యాసెట్ అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. ఒక గంట పట్టేది. ఆరాధన రెండు గంటలు. కాబట్టి మధ్యలో ఒకసారి క్యాసెట్ మార్చక తప్పదు.

మార్చేవాడు వీడియో భాయ్. బస్టాండు దగ్గర పెళ్ళి వీడియోల షాపు ఆయనది. అసలు పేరు పిలిచేవాళ్ళు ఇంట్లోవాళ్ళేనేమో, ఊరందరికీ వీడియో భాయే. మా పాటలన్నీ ఆయనకు నోటికి వచ్చు. గుళ్ళో జరిగే పెళ్ళిళ్ళలో పురోహితుడి మంత్రం ఎక్కడ ఆగితే తాళి కట్టిస్తారో కూడా తెలుసు. "అన్ని దేవుళ్ళ కాడా నిలబడినా అన్నా. యాడా కూర్చోమన్నోడు మాత్రం ల్యా" అని నవ్వేవాడు.

క్యాసెట్ అయిపోవడానికి కాస్త ముందు భాయ్ తెల్ల చేతిరుమాలు పైకెత్తేవాడు. అయ్యగారు అది చూసి, ఆ మాట ముగించి, "ఒక పాట పాడుకుందాం" అనేవారు. పాట పాడేలోగా భాయ్ క్యాసెట్ మార్చేవాడు. సంఘం దానికి 'క్యాసెట్ పాట' అని పేరు పెట్టుకుంది. ఆ పాటలో నోరు తెరిచి పాడేవాళ్ళు సగం మందే. మిగతావాళ్ళు వరండాలో కుండ దగ్గరికి పోయి నీళ్ళు తాగేవాళ్ళు. తల్లులు పిల్లలకు పాలిచ్చేవాళ్ళు. ముసలమ్మలు కాళ్ళు చాపుకునేవాళ్ళు. మా కోశాధికారి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, స్తంభం చాటున ఒక చిటికెడు నశ్యం పీల్చి పాట చివరి చరణానికి తుమ్ముతూ వచ్చి కూర్చునేవాడు. రెండోసారి రుమాలు లేచిందంటే ముగింపు ఆశీర్వాదం. పల్లెల వాళ్ళు చెప్పులు వేసుకుని తీరుబడిగా నడిచినా ఒంటిగంట బస్సు అందేది. అది పోతే మళ్ళీ సాయంత్రమే.

అయ్యగారి గురించి చెప్పాలి. ఆయన కణేకల్ వైపు మనిషి. కాలువ కింది ఊరు. ప్రసంగం మొదలుపెడితే మాట వెనక మాట అట్లా వస్తూనే ఉండేది, వినడానికి బాగుండేది కూడా. కోశాధికారి అనేవాడు: "కాలువ కింద పుట్టినోళ్ళకు ఆపడం తెల్దప్పా. మనమైతే బొక్కెనతో తోడుకునేవాళ్ళం, చేతులు నొచ్చి ఆపుతాం."

చాలా ఏళ్ళ కిందట ఈ కోశాధికారే ఒకసారి ధైర్యం చేసి, "అయ్యగారూ, ప్రసంగం రవ్వంత కురచగా ఉంటే..." అన్నాడు. అయ్యగారు మరుసటి ఆదివారం కాఫీ తాగినంత సేపు మాట్లాడి కూర్చున్నారు. ఆ నెలంతా ఎవరి కళ్ళలోకీ చూడలేదు. చివరికి అమ్మగారే ఆఫీసుకు వచ్చి, "ఎవరప్పా ఈయన్ని ఏమన్నారు? అన్నం ముందర పెడితే గోడను చూస్తాండాడు" అని అడిగింది. కోశాధికారి ఆ పొద్దు బీరువా వెనక నుంచి బయటికి రాలేదు. అప్పటి నుంచి ఆయన ప్రసంగం గురించి ఎవరూ నోరెత్తలేదు. అయితే మనిషి చెబితే నొచ్చుకునే అయ్యగారు, క్యాసెట్ అయిపోతే మాత్రం ఎన్నడూ నొచ్చుకోలేదు. అయిపోయినదాని మీద ఎవరికి కోపం వస్తుంది?

ఇంక క్యాసెట్లు ఎందుకు మానుకున్నామంటే, మన దుమ్ము మీకు తెలిసిందే. ఎంత గుడ్డ కప్పినా కెమెరాలో దూరేది. బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, అయ్యగారి తల ఒక పక్క, భుజం ఒక పక్క కనపడేది. పైగా ఒక గంట క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే గంటసేపూ కూర్చోవలసిందే. నా సోమవారాలన్నీ దానికే పోయేవి. అనంతపురంలో మేము కొనే షాపువాడు కూడా, "కొత్త సరుకు వచ్చేది తగ్గిపోయింది సార్, ఇంగ అందరూ డిస్కు కెమెరాలే" అని చెప్పాడు.

సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. డిస్కు కెమెరా వచ్చింది. నేను పని పద్ధతిగా చేసే మనిషిని. క్యాసెట్ చేసే పనులన్నీ ఒకటొకటిగా అనుకుని, ఒక్కొక్క దానికి బదులు ఏమిటో చూసుకున్నాను. బొమ్మ దాచడానికి డిస్కు, పంపడానికి సీడీ, ఏళ్ళ తరబడి ఉంచడానికి ఇంకో డిస్కు. పాత క్యాసెట్లను తేదీల వారీగా పెట్టెల్లో సర్ది బీరువాలో పెట్టాను. భాయ్ చేతిరుమాలు కూడా ఇంక పని లేదు కదా అని మడిచి, ఒక కవరులో వేసి, పైన 'రుమాలు' అని రాసి, అదే బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంత చేసినవాడికి, ఆ క్యాసెట్ మా చర్చికి గడియారం కూడా అని తట్టలేదు.

మొదటి ఆదివారం ఆరాధన మొదలైంది. భాయ్ బటన్ నొక్కి, అలవాటుగా కెమెరాకు చెవి ఆనించాడు. పాత కెమెరాలో క్యాసెట్ తిరుగుతుంటే చిన్నగా గొణిగేది. అది వింటేనే ఆయనకు నమ్మకం.

"అన్నా, ఇది పలకడంల్యా."

"పలికేదానికి అందులో తిరిగే క్యాసెట్ ఏముంది భాయ్?"

"ఏమీ తిరక్కుండా బొమ్మ యాడ పడతాది?"

"అదిగో, అంకెలు తిరుగుతున్నాయి చూడు."

"అంకెలు తిరిగితే ఏం నమ్మకమన్నా? కరెంటు మీటరు కూడా తిరుగుతాది, మా ఇంట్లో లైటు వెలిగిందీ ల్యా పాడూ ల్యా."

చివరికి ఒక నిమిషం తీసి, ఆపి, తీసింది చూపిస్తే గానీ ఆయన చెవి వెనక్కి తీసుకోలేదు. చూశాక మాత్రం ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. పెళ్ళికొడుకు పక్కన తోడుపెళ్ళికొడుకు లాగా కెమెరా పక్కన నిలబడ్డాడు.

ఆ రోజు ప్రసంగం ఐగుప్తు నుంచి బయలుదేరిన జనం గురించి. అయ్యగారు వాళ్ళను ఎర్ర సముద్రం ఒడ్డుకు తెచ్చి, అలవాటుగా భాయ్ వైపు చూశారు. మామూలుగా అక్కడ రుమాలు లేవాలి. భాయ్ నవ్వాడు. అయ్యగారు ఇంకో రెండు మాటలు చెప్పి మళ్ళీ చూశారు. భాయ్ ఇంకా బాగా నవ్వాడు. అప్పుడు అయ్యగారు వేదిక మీది నుంచే అడిగారు:

"భాయ్, క్యాసెట్ అయిపోలేదా?"

"క్యాసెటే ల్యా అయ్యగారూ!" భాయ్ గొంతు వెనక గోడ నుంచి ఖంగున మోగింది. "ఇంగ మార్చే పని ల్యా! మీరు సాయంత్రం దాకా చెప్పినా పడతాది!"

చర్చి మొత్తం ఒక్కసారి వెనక్కి తిరిగి భాయ్‌ని చూసింది. కోశాధికారి చేతిలో నశ్యం డబ్బీ సగం తెరిచి ఉంది. అట్లే మూసేశాడు. అయ్యగారి ముఖం మాత్రం వెలిగిపోయింది. "దేవునికి స్తోత్రం" అన్నారు.

ఎర్ర సముద్రం దాటి ఆగవలసిన జనం ఆ రోజు ఆగలేదు. మారా దగ్గర చేదు నీళ్ళు, ఏలీము దగ్గర ఈత చెట్లు, ఆకాశం నుంచి కురిసిన మన్నా రొట్టె, పూరేడు పిట్టలు. ప్రతి మజిలీలోనూ దిగాం, గుడారం వేశాం, మళ్ళీ పీకాం. సీనాయి కొండ కింద ఉండగా బస్టాండు వైపు నుంచి హారన్ వినపడింది. పల్లెల వాళ్ళ వరుసలో ముందు కూర్చునే పెద్దాయన సగం లేచి, చుట్టూ చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఆయన శెనక్కాయ రైతు. తన పల్లె సంఘానికి పెద్ద. ఆయన లేస్తేనే మిగతావాళ్ళు లేచేది.

ఆశీర్వాదం అయ్యేసరికి బస్సు వెళ్ళి చాలాసేపైంది. అమ్మగారు పల్లెల వాళ్ళందరికీ అప్పటికప్పుడు చిత్రాన్నం కలిపింది. వరండాలో తింటూ పల్లె పెద్దాయన భాయ్‌తో అన్నాడు:

"ఏమప్పా భాయ్, సాయంత్రం దాకా పడతాదా?"

"పడతాదన్నా."

"అంతసేపు మా ఓపిక పట్టద్దా?"

భాయ్ అప్పటికి గానీ తాను ఏమి చెప్పాడో తెలుసుకోలేదు. నా పక్కకు వచ్చి, "నేనే నోరు జారినా అన్నా" అన్నాడు. నోరు జారింది ఆయన. ఆ కెమెరా తెప్పించింది నేను.

రెండో ఆదివారం కోశాధికారి తన ఉపాయం తాను చేశాడు. వెనక గోడ మీది గడియారాన్ని అర గంట ముందుకు తిప్పి పెట్టాడు. అయ్యగారు ప్రసంగం మధ్యలో దాన్ని చూశారు, కిటికీలో ఎండను చూశారు, "ఈ గడియారం చెడిపోయినట్టుంది, రిపేరుకు పంపండి" అని చెప్పి సాగిపోయారు. సోమవారం నేనే దాన్ని దింపి పంపించాను. ఉన్న ఒక్క గడియారమూ అట్లా పోయింది.

మూడో ఆదివారం పల్లెల నుంచి వచ్చినవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళలో ఒక అవ్వ నీళ్ళ కుండ దగ్గర నన్ను పట్టుకుంది. "ఏమప్పా గుమాస్తా, మా క్యాసెట్ పాట యాడ దాచి పెట్టినావు?"

"క్యాసెట్ లేదవ్వా ఇప్పుడు."

"క్యాసెట్ ల్యాకుంటే పీడాపోయె. పాట ఉండద్దా? రవ్వంత కాళ్ళు చాపుకునేదానికి కూడా దిక్కుల్యా?"

ఆ సాయంత్రం బస్సు ఎక్కే ముందు పల్లె పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. కూర్చోలేదు.

"అన్నా, నేను కడుపులో దాచుకోను. ఆదివారం మధ్యాన్నం మేము ఊరు చేరకుంటే గొడ్లకు నీళ్ళు పోసేవాళ్ళు ల్యారు. ఆడోళ్ళు ఇంట్లో తిడతాండారు. మా ఊర్లోనే కొట్టం కింద ప్రార్థన పెట్టుకుంటామని మావాళ్ళు అంటాండారు. వచ్చే ఆదివారం వస్తాం. సాక్ష్యం టైములో నేను లేసి, అయ్యగారికి వందనాలు చెప్పి, ఇంగ రామని అందరి ముందరా చెప్పి పోతాం. దొంగల మాదిరి మానేసేది బాగుండదు."

సాక్ష్యం టైము అంటే, దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరు సంఘం ముందర లేచి చెప్పుకునే సమయం. ఆ పల్లెకు అయ్యగారు మొదట సైకిలు మీద పోయారు. ఎండలో, గాలికి ఎదురుగా, టైరు పంక్చరైతే తోసుకుంటూ. మొదటి ఏడాది ఈ పెద్దాయన ఒక్కడే వినేవాడు, అదీ కళ్ళంలో పని చేసుకుంటూ. ఆ పల్లె సంఘం అంటే అయ్యగారికి సొంత బిడ్డ లెక్క. వాళ్ళు లేచి ఆ మాట చెబితే ఆయన తట్టుకోలేరు. తన ప్రసంగం కారణంగానే అని తెలిస్తే ఆపైన ఇంక నోరు తెరవరు. ఒక నెల గోడను చూడడం కాదు, మిగిలిన సర్వీసంతా గోడనే చూస్తారు.

ఆ వారం ఆఫీసులో ముగ్గురం కూర్చున్నాం. రంజాన్ మాసం అప్పుడే మొదలైంది. భాయ్ ఉపవాసంలో ఉన్నాడు, తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. కోశాధికారి కాఫీ తెప్పించి, భాయ్ ముఖం చూసి, కప్పును కిటికీ అవతల పెట్టి వచ్చాడు.

"తాగు సార్, నాకేమీ ల్యా" అన్నాడు భాయ్.

"నాకు గొంతు దిగదప్పా, నువ్వు చూస్తాంటే." కోశాధికారి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఇంతకూ నేను చెప్పేది ఒకటే. ఆదివారం భాయ్ రుమాలు ఎత్తి, బ్యాటరీ అయిపోయిందని చెప్పాల. కథ ముగిసె."

"బ్యాటరీ ఉంటాది కదా సార్."

"ఉంటే ఉండనీప్పా. ల్యాదని చెప్పు."

"రోజాలో ఉన్నా సార్. అబద్ధం యాడ చెప్పమంటావు? అదీ మీ చర్చిలో, మీ అయ్యగారితో. రెండు పక్కలా పాపం తగులుకుంటాది నాకు."

కోశాధికారి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు మరి. నువ్వు రోజాలో ల్యావు కదా."

"నాకు కెమెరా పట్టడం రాదు" అన్నాను. ఆ మాట నిజమే.

బయట గాలికి తలుపు కొట్టుకుంటోంది. కిటికీ అవతల కాఫీ మీద ఎర్రటి దుమ్ము పొరగా కట్టింది. భాయ్ కెమెరాను ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. పక్కన ఉన్న చిన్న మూత తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"అన్నా, దీనికి డిస్కు ఒకటే కాదు. ఈడ కార్డు కూడా పెట్టొచ్చు."

"పెట్టొచ్చు. డిస్కు చెడిపోతే పనికి వస్తుందని."

"నా ఫొటో కెమెరా కార్డులు రెండు ఉండాయి షాపులో. చిన్నవి. మంచి బొమ్మ రావాలని పెట్టినామంటే ఒక్కొక్కటి గంట పడతాది. ఆ పైన పట్టదు." తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. "అబద్ధం ఎందుకు సార్? నిజంగానే అయిపోతాది."

కోశాధికారి లేచి, కిటికీ అవతలి కాఫీ తీసుకుని, దుమ్ముతో సహా తాగేశాడు.

సెప్టెంబరు మొదటి ఆదివారం పల్లెల వాళ్ళు అందరూ వచ్చారు. ఇళ్ళ దగ్గర ఉండే ముసలివాళ్ళు కూడా వచ్చారు. అదే నాకు భయం వేసింది. వీడ్కోలుకు వచ్చినట్టు వచ్చారు. పల్లె పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, సాక్ష్యం చెప్పేవాళ్ళలో తన పేరు కూడా చెప్పమని పాటల బృందం పెద్దకు చెప్పి కూర్చున్నాడు.

కార్డు పెట్టాం. ప్రసంగం మొదలైంది. ఆ రోజు అయ్యగారు యెహోషువా గురించి ఎత్తుకున్నారు. అంటే యొర్దాను దాటాలి, యెరికో పట్టణం గోడ కూలేదాకా దాని చుట్టూ తిరగాలి. రోజుకొకసారి చొప్పున తిరిగి, ఏడో రోజు ఏడుసార్లు తిరగాలి. కోశాధికారి నన్ను చూశాడు. నేను భాయ్‌ని చూశాను.

ఆయన జేబులు తడుముకుంటున్నాడు. ముందు చొక్కా జేబు, తరువాత ప్యాంటు జేబులు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. రుమాలు బీరువాలో ఉంది. కవరులో ఉంది. దాని మీద 'రుమాలు' అని నేనే రాశాను. బీరువా తాళంచెవి ఆఫీసులో, ఆఫీసు చర్చికి అవతల. నేను లేచి పోవాలంటే అయ్యగారి ఎదురుగా నడిచి పోవాలి.

భాయ్ కెమెరా వైపు చూశాడు. నా వైపు చూశాడు. పెదాలు కదిలించి 'అయిపోతాంది' అన్నాడు. నేను రెండు చేతులూ ఊపి, లేదని చూపించాను. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. ఒక్క క్షణం ఆగి, నెత్తి మీది తెల్ల టోపీ తీసి, చెయ్యి ఎంత పోతే అంత పైకెత్తి పట్టుకున్నాడు.

అయ్యగారు ఆ సమయానికి యెరికో గోడ చుట్టూ నాలుగో రోజు తిరుగుతున్నారు. మాట మధ్యలో ఆగిపోయారు. టోపీని చూశారు. భాయ్‌ని చూశారు. చర్చి అంతా వెనక్కి తిరగకుండా కూర్చుంది. అయ్యగారి చెయ్యి గాలిలో ఉంది, గోడ వైపు చూపిస్తూ. ఆ చెయ్యి మెల్లగా దిగింది.

"ఒక పాట..." అన్నారు.

"పాడుకుందాం" అనేది ఎవరికీ వినపడలేదు. పల్లెల వాళ్ళ వరుస నుంచి ఆ అవ్వ అప్పటికే పాట ఎత్తుకుంది. ఏ శ్రుతిలో ఎత్తుకుందో దేవునికే తెలియాలి, పాటల బృందం దాన్ని అందుకోవడానికి మూడు చరణాలు పట్టింది. పిల్లలు కుండ దగ్గరికి పరుగెత్తారు. ముసలమ్మలందరూ ఒకేసారి కాళ్ళు చాపారు. కోశాధికారి నశ్యం రెండు చిటికెలు వేసినట్టున్నాడు, ఆ రోజు అయిదుసార్లు తుమ్మాడు. భాయ్ టోపీ నెత్తిన పెట్టుకుని కార్డు మార్చాడు.

పాట తరువాత అయ్యగారు గోడను ఒక్క వాక్యంలో పడగొట్టేశారు.

సాక్ష్యాల సమయం వచ్చింది. పల్లె పెద్దాయన లేచాడు. ఆయన కండువా సర్దుకున్నాడు, గడియారం ఉండే చోట గోడను చూశాడు, అక్కడ మేకు మాత్రమే ఉంది. కిటికీలో నుంచి నేల మీద పడిన ఎండను చూశాడు. ఎండ ఇంకా కిటికీ దగ్గరే ఉంది.

"సంఘానికంతా వందనాలు. అయ్యగారికి వందనాలు. నేను ఈ పొద్దు ఒక మాట చెప్పాలని లేసినా." ఆగాడు. వెనక్కి తిరిగి భాయ్‌ని చూశాడు, నన్ను చూశాడు. "దోవలో వచ్చేటప్పుడు బాగా గుర్తుండె. ఇప్పుడు యాడ పోయిందో పోయింది. పోతే పోనీ. శుక్రవారం మా సేన్లో వాన పడినాది. శెనక్కాయకు ఊడలు భూమిలోకి దిగే టయానికి పడినాది. కోతల పండక్కి మూట తెస్తాం, మోసేదానికి మనుషులను చూసుకోండి." కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "ఇంగ ఎక్కువ చెప్పను. బస్సుండాది."

చర్చి మొత్తం నవ్వింది. అయ్యగారు కూడా నవ్వారు. రెండో కార్డు నిండే లోపల ఆశీర్వాదం అయింది. పల్లెల వాళ్ళు బస్సు కోసం చెట్టు కింద నిలబడి ఎదురుచూడవలసి వచ్చింది. అవ్వ నా ముందు నుంచి పోతూ, "దొరికినాదా పాట? ఇంగ జాగర్తగా పెట్టుకో" అంది.

మరుసటి ఉదయం నేను ఆఫీసులో కార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. క్యాసెట్ అయితే పూట పట్టేది, ఇది రెండో కాఫీ రాకముందే అయిపోయింది. మిగిలిన సోమవారం ఏమి చేసుకోవాలో తెలియక టేబులు తుడుస్తూ ఉంటే అయ్యగారు వచ్చారు. ఆయన సోమవారం ఆఫీసుకు రారు. గొంతు బొంగురుగా ఉంది.

"భాయ్ ఆ పొద్దు సాయంత్రం దాకా పడతాదని అన్నాడే. నిన్న గంటకే అయిపోయిందేమప్పా?"

"కార్డు చిన్నది అయ్యగారూ."

"చిన్నదే దొరికిందా, చిన్నది ఎతికినారా?"

నేను టేబులు ఇంకా గట్టిగా తుడిచాను. ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుని, ఆ కార్డును వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురులో పెట్టి చూశారు. తపాలా బిళ్ళంత ఉంటుంది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"మూడు వారాలు నేను ఎట్ల నిలబడినానో తెలుసునా నీకు?" అన్నారు. "అయిపోలేదు అన్నాక ఎట్ల ఆపేది? ఆపితే, ఇంతేనా ఈయన కాడ ఉండేది అనుకుంటారని. నాకూ దాహమే, నాకూ కాళ్ళ నొప్పులే. మీరు ఎవురైనా లేస్తారేమో అని చూస్తాంటి. అందరూ బొమ్మల మాదిరి కూర్చుంటిరి. సీనాయి కాడ నాకే ఏడుపొచ్చె."

"మీరు నొచ్చుకుంటారని..."

"నొచ్చుకుంటా." అయ్యగారు ఒప్పుకున్నారు. "అందుకే మీరు చెప్పొద్దు. ఈ కార్డే చెప్పనీ."

కార్డును జాగ్రత్తగా నా చేతిలో పెట్టి లేచారు. గుమ్మం దాకా పోయి, ఏదో మరిచినట్టు వెనక్కి వచ్చి, జేబులో నుంచి కాగితం పొట్లం తీసి టేబులు మీద పెట్టారు. విప్పితే లోపల కొత్త చేతిరుమాలు. తెల్లటిది, పెద్దది, మడతలు కూడా విప్పలేదు.

"భాయ్‌కి ఇయ్యి. రంజాన్ నెల కదా," అన్నారు. "టోపీ నెత్తిన ఉండనీ."

ఆ రుమాలును నేను బీరువాలో పెట్టలేదు.